రంగు బాగుంది సరే, కింద రేకు ఉందా?

మన కొండల్లో పాత జీపు కొనేవాడు ముందు చూసేది రంగు. తర్వాత టైర్లు. ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేసి చెవి పెట్టి వింటాడు. రబ్బరు మేటు ఎత్తి కింద రేకు చూసేవాడు మాత్రం అరుదు. బేరం కుదిరిపోతాది, బండి ఇంటికొస్తాది, మొదటి వానాకాలం దాటగానే కాలికింద నేల మెత్తబడతాది. అప్పుడు టింకరింగ్ మేస్త్రీ దగ్గరకెళ్తే ఆయన ఒక రేకు ముక్క అతికేసి, మీద పుట్టీ పామి, నల్లరంగు కొట్టి పంపేస్తాడు. "ఏటి మేస్త్రీ, గట్టిగా ఉంటాదా?" అని అడిగితే "పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు. మరుసటేడు అదే చోట చిల్లు రెండింతలై కనపడతాది.

ఇప్పుడు పాత జీపులూ, అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ కొని కొత్తగా చేయించుకోవడం కుర్రోళ్లలో ఒక సరదా అయింది. రీల్స్‌లో చూస్తే తళతళలాడే బండే కనపడతాది గాని దాని అడుగు ఎవడూ చూపించడు. సరదాని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పాత బండిని బతికించడం మంచి పని. కాకపోతే బండి బతకడమంటే దాని నేలా, దాని గడపా బతకడం. రంగు దాని తర్వాత మాట.

ఇది ఒట్టి సరదా బళ్ల సంగతి కూడా కాదు. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో బస్సు రాని ఊళ్లకి ఇప్పటికీ జీపే దిక్కు. సంతకెళ్లాలన్నా జీపే, పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ మీద రోడ్డుదాకా మోసుకొచ్చాక పాడేరో అరకో చేర్చాలన్నా చాలాసార్లు అదే జీపు. బొర్రా దగ్గర దిగిన టూరిస్టులు కటికి జలపాతానికి వెళ్లేది కూడా జీపుల మీదే. ఇంతమంది కాళ్లు పెట్టేది ఆ నేల రేకు మీద. అది పుచ్చిపోతే ఏమవుతాదో తెలుసుకోవాలి కదా.

మన దగ్గర తుప్పు ఎందుకింత బేగ పడతాది

ఇనుముకి నీళ్లూ గాలీ తగిలితే తుప్పు పడతాదని చిన్నప్పుడే చదువుకున్నాం. గాలిలో తేమ 60 శాతం దాటితే ఈ పని జోరందుకుంటాది. మన కొండలు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటాయి. జూన్ నుంచి నైరుతి వానలు, అవి తగ్గేలోపు అక్టోబరు తుపాన్లు, తర్వాత చలికాలం పొద్దున్నే మంచు. ఇనుము పూర్తిగా ఆరే రోజులు మనకి తక్కువ. వాన ఒక గంట కొట్టి ఎండ కాస్తే ఇనుముకి అంత నష్టం లేదు. తడి ఆరకుండా రోజులతరబడి పట్టి ఉంటేనే రేకుని తినేస్తాది.

ఆ తడిని పట్టి ఉంచేవి మన బండిలోనే ఉంటాయి. రబ్బరు మేటు, దాని కింద గోనెపట్టా, దాని కింద సంత మట్టి. పైన నీళ్లు కనపడవు గాని కింద చెమ్మ అలాగే ఉంటాది. చక్రాల గూళ్లలో ఎర్రమట్టి గట్టిగా కరుచుకుంటాది, తడిగుడ్డ చుట్టినట్టు రేకుని నానబెడతాది. తడి కాఫీ బస్తాలూ, పసుపు బస్తాలూ వేసుకొస్తాం, ఆ నీళ్లు నేలమీదే కారతాయి.

అన్నిటికంటే చెడ్డది ఉప్పు. నీళ్లలో ఉప్పు కలిస్తే తుప్పు పట్టే వేగం చాలా పెరుగుతాది. కిందనుంచి సంతకి ఉప్పుచేపలూ ఉప్పు బస్తాలూ తెచ్చే బండి వెనకభాగం ముందు పోయేది ఇందుకే. ఇంకోటి, మనోళ్లు కొనే పాత బళ్లు చాలావరకు విశాఖపట్నం, భీమిలి, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లనుంచి వచ్చినవి. ఏళ్లతరబడి ఉప్పుగాలి తిన్న బండి కొండెక్కి మంచులో నిలబడితే ఏమవుతాదో వేరే చెప్పక్కర్లేదు.

తుప్పుకి ఒక గుణం ఉంది. అది తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటాది. రెండు రేకులు అతికిన చోట లోపల తుప్పు పుడితే అది ఉబ్బి రెండింటినీ విడగొడతాది. ఆ సందులోకి ఇంకా నీళ్లు పోతాయి. పైన రంగు బుడగలా లేచిందంటే లోపల పని చాలావరకు అయిపోయినట్టే. తుప్పు లోపల్నుంచి బయటికొస్తాది గాని బయటనుంచి లోపలికి పోయేది తక్కువ.

జీపు వేరు, కారు వేరు

పని మొదలెట్టేముందు ఒక తేడా తెలియాలి. జీపుకి కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటాది. ఇంజనూ, గేరుబాక్సూ, ఇరుసులూ అన్నీ దానికే. పైన బాడీ ఒక తొట్టిలాగ బోల్టులతో కూర్చుంటాది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఇలాంటి జీపుల్ని ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఆ విల్లీస్ నమూనానే 1940ల చివర మహీంద్రా కంపెనీ మన దేశంలో బిగించడం మొదలెట్టింది. మన ఘాట్లలో తిరిగిన మహీంద్రా జీపులన్నీ ఆ వంశమే.

అంబాసిడర్ అలాగ కాదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో బెంగాల్లోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా అది తయారైంది. దానికి విడిగా ఛాసిస్ లేదు. నేల, గడపలు, పైకప్పు, చక్రాల గూళ్లు అన్నీ కలిపి అతికిన పెట్టే దాని బలం. ఫియట్ నమూనాతో వచ్చిన పద్మిని, తర్వాత వచ్చిన మారుతి 800 కూడా ఇదే తరహా.

ఇక్కడ గడప అంటే ఏంటో చెప్పుకుందాం. కారు తలుపు తీస్తే కింద మనం కాలు దాటేసే పొడుగు పట్టీ ఉంటాది కదా, అదే. మెకానిక్కులు దాన్ని సిల్ అంటారు, రాకర్ అని కూడా అంటారు. బయటికి ఒక రేకులాగే కనపడతాది గాని అది లోపల బోలుగా ఉన్న పెట్టె. బయట రేకు ఒకటి, లోపల రేకు ఒకటి, కొన్ని బళ్లకి మధ్యలో ఇంకో గట్టి రేకు. ఇంటికి దూలం ఎలాగో ఇలాంటి కారుకి గడప అలాగ. ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ కలిపి పట్టుకునేది అదే. గడప పుచ్చిన కారు గోతిలో పడినప్పుడల్లా నడుము దగ్గర వంగుతాది. తలుపులు సరిగ్గా పడవు. పక్కనుంచి ఏదైనా గుద్దితే లోపలున్నోడికి అడ్డంగా ఉండేది ఒట్టి పుట్టీ.

జీపులో నేల పోయినా ఛాసిస్ బండిని నిలబెడతాది. అందుకే "జీపుకేటి, రేకు పోతే పోయింది" అనుకుంటారు. కాని సీట్లు ఆ నేలకే బిగిస్తారు. సీటు బెల్టుంటే దాని బోల్టులు కూడా ఆ చుట్టుపక్కలే. బ్రేకు పైపులూ, కరెంటు వైర్లూ దానికిందే పోతాయి. ఘాట్లో సడెన్ బ్రేకు వేస్తే సీటుతో సహా మనిషి ముందుకెళ్లిపోతే ఛాసిస్ ఉండి ఏం లాభం?

ఇంకో ప్రమాదం కనపడదు, వాసన కూడా రాదు. సైలెన్సర్ పైపు లీకై, నేలకి చిల్లులుంటే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తాది. చలికాలం టార్పాలిన్లు దించేసుకుని ప్రయాణిస్తాం. తలనొప్పి, వాంతి, మత్తు వస్తే ఘాటు మలుపుల వల్ల అనుకుంటాం. అన్నిసార్లూ మలుపులే కాకపోవచ్చు.

కొనేముందు పావుగంట

బేరమాడేముందు పావుగంట కేటాయించండి. ఒక పాత స్క్రూడ్రైవరు, ఒక చిన్న అయస్కాంతం, ఒక టార్చి చాలు.

మేటు ఎత్తించండి. "అది అంటుకుపోయింది బాబూ, రాదు" అంటే అనుమానం రెట్టింపు చేసుకోండి. నేలమీద పిడికిలితో కొట్టి చూడండి. గట్టి రేకు కంగుమంటాది, పుచ్చిన రేకు అట్ట చప్పుడు చేస్తాది. డ్రైవరు మడమ ఆనే చోటు, సీటు కాళ్ల చుట్టూ, మూలలు, ముందు అద్దం కింద గోడ నేలని కలిసే చోటు తప్పకుండా చూడాలి.

అయస్కాంతం గడప పొడుగునా జరపండి. పట్టున్న చోట ఇనుము, జారిపోయిన చోట పుట్టీ లేకపోతే ఫైబరు. గడప కింద అంచుని స్క్రూడ్రైవరుతో నొక్కండి. లోపలికి దిగిపోతే సంగతి తెలిసిపోయినట్టే. అమ్మేవాడు కోప్పడితే పడనీయండి. గట్టి రేకుకి స్క్రూడ్రైవరు వల్ల ఏమీ కాదు.

తలుపు తీసి కొంచెం పైకెత్తి చూడండి. మళ్లీ వేసి చూడండి. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే కారు నడుము దిగిందని అనుమానించాలి. బండి కింద పడుకుని టార్చి వేస్తే ఇంకా తెలుస్తాది. అప్పుడే దట్టంగా నల్ల తారు పూత పూసి ఉంటే, అది ఎందుకు పూశారో అడగండి.

జీపు అయితే ఛాసిస్‌ని సుత్తితో తట్టుకుంటూ పోండి. నేల పోతే మార్చుకోవచ్చు. ఛాసిస్ పుచ్చితే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

చేయకూడని పనులు

తుప్పు మీద రేకు అతకడం మొదటి తప్పు. కింద తుప్పు బతికే ఉంటాది. పైన కొత్త రేకు మూత పెట్టినట్టై రెండింటి మధ్యా నీళ్లు నిలిచి, కొత్తదీ పాతదీ కలిసి పోతాయి. రెండోది, చిల్లుల్లో ఫైబరూ పుట్టీ కూరడం. పుట్టీ సొట్ట నింపడానికి పుట్టింది, బరువు మొయ్యడానికి కాదు. మూడోది, ఇంటికప్పు జీఐ రేకు కత్తిరించి వేయడం. అది మరీ పల్చన. పైగా దానిమీద జింకు పూత ఉంటాది, వెల్డింగ్ వేడికి తెల్లటి పొగ వస్తాది. ఆ పొగ పీల్చినోడికి ఆ రాత్రి చలీ జ్వరం పట్టుకుంటాది. నాలుగోది, పాత డ్రమ్ములు కోసి రేకు తీయడం. డ్రమ్ములో ఏముండేదో తెలీకుండా గ్రైండరు పెడితే లోపల మిగిలిన ఆవిరి అంటుకుని పేలే ప్రమాదం ఉంది.

ఇక తుప్పుని మార్చే మందులని సీసాల్లో అమ్ముతారు. వాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటాది. టానిక్ అంటే మనకి కొత్తదేం కాదు. మన సంతల్లో అమ్మే కరక్కాయలో దండిగా ఉండేది ఆ జాతి వగరే. కరక్కాయ రసానికి ఇనుము తగిలితే నల్లబడతాది, వెనకటికి సిరా చేసుకున్నది అలాగే. తుప్పు మీద ఈ మందు పూస్తే అదీ అలాగే నల్లటి పొరగా మారుతాది. పైపైన తుప్పుకి ఇది బాగానే పనికొస్తాది. చిల్లుపడ్డ రేకుకి మాత్రం ఏ మందూ ఇనుముని తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

చేయాల్సిన పద్ధతి

ముందు జాగ్రత్తలు. బేటరీ తీగలు విప్పేయాలి. పాత విల్లీస్ తరహా జీపుల్లో పెట్రోలు టాంకు డ్రైవరు సీటు కిందే ఉంటాది. ఏ బండి అయినా టాంకూ, దాని పైపులూ విప్పి దూరంగా పెట్టాకే వెల్డింగ్ మాట. "టాంకు ఖాళీయే" అని ధీమా పడొద్దు. నిండు టాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ టాంకే ఎక్కువ పేలుతాది. సీట్లు, మేట్లు, వైర్లు తీసేయాలి. పక్కన బకెట్టు నీళ్లూ, తడి గోనెపట్టా, ఇసకా ఉండాలి. కళ్లకి అద్దాలూ, ముక్కుకి మాస్కూ లేకుండా గ్రైండరు పట్టొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలున్న చోట రేపొద్దు.

కారు గడప మార్చేటప్పుడు అసలు కిటుకు బండి వంగకుండా చూసుకోవడం. చదునైన చోట నిలబెట్టాలి. బరువు ఇరుసుల మీదా చక్రాల మీదా ఉండాలి గాని జాకీ గడపకింద పెట్టకూడదు. తలుపు సందుల కొలతలూ, గుమ్మానికి మూల నుంచి మూలకి కొలతలూ ముందే రాసుకోవాలి. తలుపు తీసేస్తే ఆ గుమ్మానికి అడ్డంగా ఇనుప పైపో యాంగిలో తాత్కాలికంగా అతికి బిగించాలి. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండు గడపలూ ఒకేసారి కోసేస్తే బండి మధ్యలో దిగిపోతాది, తర్వాత ఏ తలుపూ పడదు. దిగిపోయిన మీద కొత్త గడప అతికితే ఆ వంకర శాశ్వతం.

కోత ఎంతదాకా? మెరిసే ఇనుము తగిలేదాకా. చిల్లు అరచేయంత కనపడినా చుట్టూ పల్చబడిన రేకు దానికి రెండింతలు ఉంటాది. పల్చని రేకు మీద వెల్డింగ్ పెడితే నిలవదు, కాలి కొత్త చిల్లు పడతాది. గడప బయట రేకు తీశాక లోపల రేకు చూడాలి. అదీ పోతే ముందు దాన్ని మార్చాలి. లోపల పుచ్చు వదిలేసి బయట తళుకు పెట్టడమంటే చెదపట్టిన వాసానికి సున్నం కొట్టినట్టు.

కొత్త రేకు ఎంత మందం? పాతది గట్టిగా ఉన్న చోట కొలిచి అంతే వేయాలి. కార్ల నేలకి మామూలుగా 20 గేజి, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు. గడపలకీ జీపు నేలకీ 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్లు, వాడుతుంటారు. మరీ దళసరి రేకు వేస్తే గట్టి అనుకోవద్దు. పల్చని పాత రేకు పక్కన దళసరిది అతికితే బలమంతా ఒకచోట చేరి, అతుకు పక్కనే పగులు వస్తాది.

ముందు అట్టతో నమూనా కోసుకోవాలి. అట్ట సరిపోయాకే రేకు కోయాలి. పాత నేలమీద గీతలు గీతలుగా ఎత్తులు ఉంటాయి చూశారా, అవి అందానికి కాదు. ఆ మడతలే రేకుకి బలం. చదును రేకు వేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబడబలాడుతాది. కనీసం అంచులు మడిచో, కింద ఒక పట్టీ అతికో ఆ బలం తిరిగి ఇవ్వాలి. యుద్ధకాలం జీపుల్లో నేలకింద ఇలాంటి పట్టీల లోపల కర్ర చెక్కలు పెట్టేవారు. ఆ చెక్క నీళ్లు పీల్చి రేకుని లోపల్నుంచి కుళ్లబెట్టేది. పాత నమూనా ఉన్నదున్నట్టు చేస్తున్నామని ఆ తప్పు కూడా మళ్లీ చేయక్కర్లేదు.

వెల్డింగ్‌కి గేటులూ గ్రిల్లులూ చేసే పుల్ల వెల్డింగ్ ఈ పల్చని రేకుకి పనికిరాదు, చిల్లులు పెట్టేస్తాది. సన్నతీగతో చేసే సీఓటూ వెల్డింగ్ మంచిది, 0.8 మిల్లీమీటర్ల తీగ సరిపోతాది. మన ఊళ్లలో కరెంటు ఓల్టేజి పడిపోతుంటే పని సరిగ్గా రాదు. అందుకని కోత, మడత ఊళ్లో చేసుకుని, అతుకు మాత్రం మంచి షాపులో పెట్టించుకోవడం తెలివైన పని.

అతుకు ఒక చివరనుంచి ఇంకో చివరకి ఒకేసారి లాగేయొద్దు. వేడికి రేకు వంకర తిరుగుతాది. ముందు దూరందూరంగా చుక్కలు పెట్టాలి. ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి అటు చివర, మూడోది మధ్యలో. చల్లారనిస్తూ మధ్య ఖాళీలు నింపుకుంటూ పోవాలి. కంపెనీలో చుక్కల వెల్డింగ్ ఉన్న అంచుల దగ్గర, పై రేకుకి 6 నుంచి 8 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, ఆ చిల్లుల్లో వెల్డింగ్ నింపితే కింద రేకుతో గట్టిగా పట్టుకుంటాది. నాలుగు చుక్కలకోసారి తలుపు వేసి చూసుకోవాలి.

బ్రిటన్‌లో పాత కార్లకి ఏటా ఎం.ఓ.టి. అనే తనిఖీ ఉంటాది. సీటు బెల్టు, సస్పెన్షను లాంటివి బిగించిన చోటుకి 30 సెంటీమీటర్ల లోపు బాడీ రేకు బలం పోయేంతగా పుచ్చితే బండి ఫెయిలే. అక్కడ పుట్టీతో, రివెట్లతో, ఫైబరుతో నడవదు, సరైన వెల్డింగే ఉండాలి. మనకి అంత గట్టి తనిఖీ లేకపోయినా ఆ 30 సెంటీమీటర్ల లెక్క మనం పెట్టుకోవచ్చు. ప్రాణం ఇక్కడైనా అక్కడైనా ఒకటే కదా.

అతుకు అయ్యాక అసలు పని

వెల్డింగ్ అవగానే అందరూ రంగుకి తొందరపడతారు. కొత్త రేకు మళ్లీ పుచ్చేది ఇక్కడే. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల పాత పూతంతా కాలిపోయి ఉంటాది. దాన్ని శుభ్రంగా తోమి, జింకు ప్రైమరు రెండుపక్కలా కొట్టాలి. రెండు రేకులు కలిసిన ప్రతి సందులో సీలెంటు పెట్టాలి, పైనా కిందా. అది ఆరాక రంగు. చక్రాల గూళ్లలోనూ గడప కిందా రాళ్ల దెబ్బకి తట్టుకునే రబ్బరు పూత.

గడప లోపల బోలు కదా, అక్కడ బ్రష్షు పోదు. రంగు పని అంతా అయ్యాక సన్నగొట్టంతో లోపలికి మైనంలాంటి పూత కొట్టించాలి. అది దొరక్కపోతే చిక్కటి గ్రీజు నూనెలో కలిపి కొట్టినా కొంత మేలు. వెల్డింగ్ కంటే ముందు మాత్రం కొట్టొద్దు, అంటుకుంటాది.

గడప కిందా నేల మూలలా చిన్న కన్నాలు ఉంటాయి. అవి నీళ్లు పోవడానికి వదిలినవి. చాలామంది మేస్త్రీలు శుభ్రంగా ఉండాలని వాటిని మూసేస్తారు. అది బండికి ఉరితాడు. ప్రతి వానాకాలం ముందూ తర్వాతా ఒక తీగతో ఆ కన్నాలు పొడిచి తెరిచి ఉంచండి. వాన తగ్గాక మేట్లు తీసి ఎండబెట్టండి. చక్రాల గూళ్లలో మట్టి నీళ్లతో కడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, బండికి ఏళ్ల ఆయుష్షు.

కాగితాల సంగతి

రేకు మార్చడం మరమ్మతే. ఛాసిస్ మార్చడం, బాడీ రూపం మార్చేయడం వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండరు పెట్టొద్దు, ఆ నంబరు పోతే బండి దొంగబండి కింద లెక్క.

సొంత బండికి 15 ఏళ్లు నిండాక తనిఖీ చేయించి రిజిస్ట్రేషను రెన్యువల్ చేసుకోవాలి, అది అయిదేళ్లకి వస్తాది. కిరాయికి తిప్పే బళ్లకి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బళ్లని వింటేజి కింద నమోదు చేసే పద్ధతి 2021లో వచ్చింది. దానికి ఫీజు 20 వేలు, నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. అలాంటి బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు గాని రోజూ తిప్పకూడదు. అంటే తాతకాలం విల్లీస్‌ని వింటేజి చేయించుకుని కటికికి కిరాయి తిప్పుతానంటే కుదరదు. అసలు రూపం పోగొట్టుకుంటే ఆ గుర్తింపూ రాదు. అందుకే పాత నేల మడతలూ, గడప ఆకారం ఉన్నదున్నట్టు కట్టించుకోవడం కాగితాలకి కూడా మంచిది.

ఈ పని మన పిల్లలకి ఎందుకు రాకూడదు

హైదరాబాదు చౌమహల్లా పేలెస్‌లో నిజాం వాడిన 1912 నాటి రోల్స్‌రాయిస్ ఇప్పటికీ చూడొచ్చు. అది మళ్లీ మెరిసిందంటే చేతిపని తెలిసినోళ్లు ఉండబట్టే. రాజుగారి కారుకైనా మన సంత జీపుకైనా రేకు పని ఒకటే విద్య. కొలత, కోత, మడత, అతుకు, పూత.

ఇది చెయ్యి తిరిగితే కొండమీదే నాలుగు డబ్బులు తెచ్చే పని. ఐటీఐల్లో వెల్డర్, షీట్ మెటల్ వర్కర్, మోటారు మెకానిక్ కోర్సులు ఉన్నాయి. మన పిల్లలు మోటారు మెకానిక్‌కి ఎగబడతారు గాని షీట్ మెటల్ అంటే చిన్నచూపు. ఇంజను పని రానురాను కంప్యూటరు పెట్టి చూసేదైపోతోంది. రేకు పని మాత్రం చేతిదే, యంత్రం వచ్చి కటికి రోడ్డు మీద జీపు నేల మార్చదు. ఐటీడీఏ వాళ్లు నైపుణ్య శిక్షణ అంటే కుట్టుమిషన్లూ కంప్యూటర్లూ దగ్గరే ఆగకుండా, ఏజెన్సీలో సీఓటూ వెల్డింగ్‌తో సహా ఒక టింకరింగ్ శిక్షణ పెడితే ఎంతమందికి పని దొరుకుతాదో ఆలోచించాలి. అడగాల్సింది మనమే.

ఫిట్‌నెస్ తనిఖీ చేసేవాళ్లకీ ఒక మాట. హారనూ లైట్లూ చూసి సంతకం పెట్టే ముందు ఒక్కసారి మేటు ఎత్తండి. పదిహేనుమంది కూకునే బండికి అది ఎక్కువ అడిగినట్టు కాదు. ఇక పదిమంది పట్టే బండిలో పదిహేనుమందిని ఎక్కించే మనకి కూడా ఆ మాట వర్తిస్తాది. పుచ్చిన రేకు మీద ఆ బరువు పెట్టేది మనమే.

చివరికి లెక్క కూడా చూసుకోండి. నేల ఒక్కటే పోతే మార్చండి, బండి లాభం. గడపలూ నేలా పోతే రేకు, వెల్డింగ్, పూత అన్నీ రాసుకుని, మేస్త్రీతో ముందే మాట్లాడుకుని, సరిపోతాదనుకుంటేనే దిగండి. ఛాసిస్ పోతే, సస్పెన్షను బిగించే చోట్లు పోతే, ఎంత ముద్దొచ్చే బండైనా పార్టులకి అమ్మేయండి. డబ్బు చాలకపోతే రంగు ఈ ఏడు ఆపండి గాని రేకు ఆపకండి. ప్రైమరు రంగులో తిరిగే గట్టి జీపుని చూసి నవ్వేవాళ్లు నవ్వుకోనీండి. ఘాట్లో బ్రేకు కొట్టినప్పుడు సీటు తన చోటే ఉంటే చాలు.